ఇంటికి ఏ కాఫీ పరికరము?

కాఫీపొడిలో సువాసన, పులుపు ఇచ్చు పదార్థములు నీటిలో ముందుగా కరుగును; చేదు, వగరు ఇచ్చునవి ఆలస్యముగా దిగును. కనుక పరికరము కొనునపుడు దాని మెరుగును కాక, నీరు ఎంత వేడితో, ఎంతసేపు, ఎన్నిసార్లు పొడిని తాకునో చూడవలెను.

పెర్కోలేటరులో మరిగిన నీరు గొట్టముగుండా పైకెక్కి పొడిమీద పడి, క్రిందికి దిగి, మరల మరిగి మరల పైకెక్కును. అనగా తయారైన కషాయమే తిరిగి తిరిగి కాగుచుండును. సువాసన ఇల్లంతా నిండును. గిన్నెలో మిగులునది చేదు!

1933లో ఇటలీలో వెలువడిన మోకాపాత్రలో ఆవిరి పీడనము నీటిని ఒక్కసారే పొడిగుండా పైకి నెట్టును. అందులో నీరు రక్షక కవాటమునకు దిగువనే ఉండవలెను. పొడిని అదిమి కూరరాదు. దారి మూసుకొన్నచో పీడనము పెరిగి ప్రమాదము కలుగవచ్చును.

మన ఫిల్టరుకు పీడనముతో పనిలేదు, వెల కూడ తక్కువ. దించిన వేడినీరు భూమ్యాకర్షణ వలన బొట్లుబొట్లుగా ఒకేసారి దిగును. పొడిపైనుంచు చిల్లుల గొడుగును పారవేయకండి. అది నీటిని సమముగా పంచును. లేనిచో నీరు ఒకచోట గుంట చేసికొని అడ్డదారిన పోవును, తక్కిన పొడి వృథా. మరీ మెత్తని పొడి చిల్లులను పూడ్చును.

మొదట, నడుమ, చివర దిగిన డికాక్షనును మూడు గిన్నెలలో వేరువేరుగా పట్టి రుచి చూడండి. కరుగుటలోని వరుస నాలుకకే తెలియును.