మీకు తెలుసా? రెసిన్‌లో బుడగ మాయమవదు, నలిగి చిన్నదవుతుంది!

ఎయిర్‌బ్రష్‌కూ, రెసిన్ పోతకూ ఒకే కంప్రెసర్ కొనాలనుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి.

• ఎయిర్‌బ్రష్‌కు సాధారణంగా 15 నుంచి 30 పీఎస్‌ఐ పీడనం చాలు. కానీ గాలి ఒకే తీరుగా రావాలి. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్‌లో పిస్టన్ ఆడినప్పుడల్లా గాలి అదురుతుంది. సన్నని గీత గీస్తే ఆ అదురు అంచున కనిపిస్తుంది. 3 లీటర్ల ట్యాంకు ఉన్నా కుదుపు చాలావరకు అణిగిపోతుంది.

• రెసిన్ అచ్చును ప్రెజర్ పాట్‌లో పెట్టి 40 నుంచి 60 పీఎస్‌ఐ ఎక్కిస్తారు. ఇక్కడ పనిచేసేది, పీడనం పెరిగితే గాలి పరిమాణం తగ్గుతుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రమే. 60 పీఎస్‌ఐ దగ్గర బుడగ దాదాపు ఐదో వంతుకు కుంచించుకుపోతుంది. రెసిన్ గట్టిపడకముందే పీడనం తగ్గితే బుడగ మళ్లీ ఉబ్బుతుంది.

• గాలిని నొక్కి చల్లారనిస్తే అందులోని తేమ నీరుగా మారుతుంది. ఆ చుక్క రంగు మీద పడితే మచ్చ. పాలీయూరిథేన్ రెసిన్‌లో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ. అందుకే వాటర్ ట్రాప్ తప్పనిసరి. పని అయ్యాక ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీరు వదిలేయండి.

• రెండు పనులకూ ఒకటే కావాలంటే 20 లీటర్లకు పైబడిన ట్యాంకు, కచ్చితమైన రెగ్యులేటర్ ఉన్న ఆయిల్-ఫ్రీ కంప్రెసర్ మేలు.

గుర్తుంచుకోండి: పాట్ మీద రాసిన గరిష్ఠ పీడనాన్ని ఎన్నడూ దాటించకండి. గేజ్ సున్నాకు వచ్చాకే మూత తెరవండి.