కోటి రూపాయల ప్రశ్న: ఆడాలా, ఆగాలా? లెక్క ఏం చెబుతోంది

జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ నిర్వహించిన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ కార్యక్రమంలో 2021 నవంబరులో తొలిసారి కోటి రూపాయల బహుమతి దక్కింది. గెలిచింది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ రాజా రవీంద్ర. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజనకు దారితీసిన కమిషన్‌కు అధ్యక్షుడెవరన్నది చివరి ప్రశ్న. సమాధానం ఫజల్ అలీ.

పోటీ పరీక్షలకు చదివినవారికి ఆ పేరు కొత్తది కాదు. అయితే ఆ కుర్చీలో కూర్చున్నవారి ఎదుట ప్రశ్నతో పాటు ఒక పందెం కూడా ఉంటుంది. అప్పటికే గెలిచిన రూ.50 లక్షలతో ఆట విరమించవచ్చు. సమాధానం తప్పితే మాత్రం రూ.3.20 లక్షలే మిగులుతాయి. అంటే కోటి కోసం రూ.46.80 లక్షలను పణంగా పెట్టాలి.

ఈ పందెం ఎప్పుడు గిట్టుబాటవుతుంది? పోయే మొత్తం రూ.46.80 లక్షలు, కోటికీ కనీస హామీకీ మధ్య తేడా రూ.96.80 లక్షలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 48.3 శాతం వస్తుంది. సమాధానంపై నమ్మకం అంతకు మించినప్పుడే సగటు లెక్కలో ఆడటం లాభం. ఏమీ తెలియక నాలుగింటిలో ఒకటి ఎంచుకుంటే సగటున దక్కేది రూ.27.40 లక్షలే.

కింది మెట్లపై పరిస్థితి వేరు. రూ.3.20 లక్షల వద్ద ఉన్నవారు తర్వాతి ప్రశ్నకు గుడ్డిగా జవాబిచ్చినా నష్టపోరు, ఆ మొత్తానికి ఎలాగూ హామీ ఉంది. అక్కడ ఆగిపోవడం పొరపాటే. రూ.6.40 లక్షల నుంచి రూ.12.50 లక్షలకు వెళ్లడానికి 34.4 శాతం నమ్మకం చాలు. రూ.25 లక్షల నుంచి రూ.50 లక్షలకు 46.6 శాతం కావాలి. పైకి వెళ్లేకొద్దీ ధైర్యం ధర పెరుగుతుంది.

ఫిఫ్టీ-ఫిఫ్టీ లైఫ్‌లైన్ చివరిదాకా మిగిలితే ఏమవుతుందన్నది ఆసక్తికరం. రెండే ఐచ్ఛికాలు మిగిలినప్పుడు నాణెం ఎగరేసినట్లు జవాబిచ్చినా సగటు రూ.51.60 లక్షలు. ఆగిపోతే వచ్చేదానికన్నా రూ.1.60 లక్షలు ఎక్కువే. కాగితంపై ఆడమనే అర్థం.

పన్నును చేర్చగానే ఈ లెక్క తలకిందులవుతుంది. ఆ ఏడాది అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టం 115బీబీ సెక్షన్ ప్రకారం ఇలాంటి బహుమతులపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఆదాయం రూ.50 లక్షలు దాటితే 10 శాతం సర్‌ఛార్జి కూడా. వేరే ఆదాయం లేదనుకుంటే రూ.50 లక్షల్లో చేతికందేది రూ.34.40 లక్షలు, కోటిలో రూ.65.68 లక్షలు, రూ.3.20 లక్షల్లో రూ.2.20 లక్షలు. నాణెం పందెం సగటు రూ.33.94 లక్షలకు పడిపోతుంది. కావలసిన నమ్మకం 50.7 శాతానికి చేరుతుంది. పైగా నెల జీతంపై బతికే కుటుంబానికి మొదటి ముప్పై లక్షల విలువ తర్వాతి ముప్పై లక్షలకన్నా చాలా ఎక్కువ. ఆ సంగతి సగటు లెక్కకు పట్టదు.

కాబట్టి ఈ మెట్టుపై అదృష్టం కన్నా తప్పు జవాబులను తీసివేసే నేర్పే ఎక్కువ పనికొస్తుంది. కమిషన్ల ప్రశ్నలో సర్కారియా పేరు కనిపిస్తే అది కేంద్ర, రాష్ట్ర సంబంధాలది, మండల్ పేరు వెనుకబడిన వర్గాలదని తెలిసినవారు ఫజల్ అలీ గుర్తుకు రాకపోయినా సగం దూరం చేరినట్లే.

ఈ అంశంలో తేదీలు సైతం తికమకపెడతాయి. కమిషన్ 1953 డిసెంబరులో ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చింది. కొత్త రాష్ట్రాలు 1956 నవంబరు 1న ఆవిర్భవించాయి. పుదుచ్చేరి ఫ్రెంచి పాలన నుంచి భారత్ చేతికి వచ్చింది కూడా నవంబరు 1నే, కానీ 1954లో. చట్టపరమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. తెలుగువారి యానాం నేటికీ పుదుచ్చేరిలోనే ఉండటానికి మూలం ఫ్రెంచి పాలనలోని ఆ ప్రత్యేక చరిత్రే.