నీటిపై సంధ్యారాగము

తెలుగువారి సముద్రము తూర్పున నున్నది గనుక, విశాఖయందైనను మచిలీపట్టణమందైనను అది మనకు సూర్యోదయమును చూపునే గాని, సాయంకాలము సూర్యుడు మన వెనుకటి నేలపైననే క్రుంకును. నీటిపై సంధ్యారాగమును చూడగోరువారు దక్కను చెరువులను, జలాశయములను ఆశ్రయింపవలసినదే. ఆ భాగ్యము సంగారెడ్డి, పటాన్‌చెరు వాసులకు పుష్కలముగా గలదు. మంజీర నదిపై సింగూరు జలాశయమును, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన అమీన్‌పూర్ చెరువును చెంతనే యున్నవి. పొరుగున వికారాబాదు జిల్లాలోని కోట్‌పల్లి జలాశయము కయాక్ విహారమునకు ప్రసిద్ధికెక్కినది. మంజీరా అభయారణ్యము మొసళ్ల నెలవు గావున అచ్చటి సంధ్యను గట్టుపైనుండి చూచుటయే మేలు.

సంధ్యకు ఆ రంగులు గాలివలననే కలుగును. గాలిలోని అణువులు నీలకాంతిని ఎఱ్ఱకాంతికంటె పలురెట్లు అధికముగా చెదరగొట్టునని 1871లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ గణితముతో నిరూపించెను. నడినెత్తి సూర్యుని కిరణము దాటు గాలికంటె, దిగంతమునంటిన సూర్యుని కిరణము దాటవలసిన గాలి సుమారు 38 రెట్లు అధికము. ఆ దీర్ఘ ప్రయాణములో నీలము దారిలోనే చెదరిపోగా, పసుపు, నారింజ, ఎఱుపు వన్నెలు మాత్రమే మన కన్నులను చేరును.

ఈ దర్శనమునకు కయాక్ మిక్కిలి అనువైనది. ఆ సన్నని పడవలో కూర్చున్నవాని కన్ను నీటికి రెండు మూడడుగుల ఎత్తుననే యుండును. నిలువుగా పడిన వెలుగులో నూటికి రెండు పాళ్లనే తిప్పి పంపు నీరు, తన్నంటి ఏటవాలుగా వచ్చు వెలుగును దాదాపు సమస్తమును ప్రతిఫలింపజేయును గావున, తెడ్డు నిలిపి నిశ్చలముగా నున్నవానికి ఆకసపు రంగులన్నియు పడవ చుట్టును పరచుకొనును. సూర్యుడు క్రుంకిన పిదప రంగులు కొంతసేపు మరింత గాఢమగును గాని, రక్షణకవచము తొడిగి, చీకటికి మునుపే ఒడ్డు చేరుట విధి.

పొగయే సంధ్యకు అందమిచ్చునని పలువురు నమ్ముదురు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు మిక్కిలి ఎత్తునకెగసిన సూక్ష్మకణములు ప్రపంచమంతట సంధ్యలను ఎఱ్ఱబార్చి, మద్రాసులో సూర్యుని ఆకుపచ్చగా చూపినమాట నిజము. కాని నేలనంటి నిలుచు పొగ, ధూళి అన్ని రంగులను ఇంచుమించు సమముగా చెదరగొట్టి సంధ్యను వెలవెలబోవజేయును. వాన గాలిని కడిగిన సాయంకాలముననే వన్నెలు నిగ్గుతేలును.

పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారముల మురుగు నక్కవాగున బడి మంజీర వైపు సాగగా, 1990లో దానిపై వ్యాజ్యము సుప్రీంకోర్టును చేరెను. నాటి పోరాటము నీటికొఱకు. అయినను నింగికిని అదియే న్యాయము. పొగగొట్టములకు వడపోతను, వ్యర్థజలములకు శుద్ధిని కోరుట, మన బిడ్డలకు ఆరోగ్యముతోపాటు ఈ సంధ్యారాగమునుగూడ కోరుటయే యగును.