హాస్టల్ నీళ్లకు మీటరేదీ?

2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలిలో పొక్లెయిన్లు దిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు తనవేనంది తెలంగాణ ప్రభుత్వం. అది అడవి, చెట్టు కొట్టొద్దన్నారు విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి. భూమి ఎవరిదన్నది కోర్టులు తేల్చే మాట. మనకు ఇక్కడ కావలసింది ఇంకొకటి: ఒక యూనివర్సిటీ పర్యావరణానికి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి?

ముందు నేలనే చూద్దాం. 1974లో పెట్టిన ఈ విశ్వవిద్యాలయం మొదట్లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. తర్వాత గచ్చిబౌలిలో 2,000 ఎకరాలకు పైగా స్థలంలోకి వచ్చింది. బండరాళ్లు, ముళ్లపొదలు, వానాకాలంలో నిండే కుంటలు. కొత్తగా చూసినవాళ్లకు ఇది పనికిరాని బీడులా కనబడుతుంది. నిజానికి దక్కన్ పీఠభూమి సహజ అడవి ఇలాగే ఉంటుంది. ఇక్కడ చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు తిరుగుతాయి. రాళ్ల సందుల్లోంచి వాన నీరు కిందికి దిగుతుంది. దీనికి ఎవరూ నీళ్లు పెట్టక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు.

దీని పక్కన పచ్చిక లాన్ పెట్టి చూడండి. వేసవిలో లాన్‌కు చదరపు మీటరుకు రోజూ నాలుగైదు లీటర్లు పోయాలి. ఎకరానికి పదహారు నుంచి ఇరవై వేల లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు మూడో నాలుగో. ముళ్లపొద కొట్టేసి లాన్ పరిచి, దానికి గ్రీన్ క్యాంపస్ అని బోర్డు పెట్టడం మన దగ్గర మామూలే. మొక్కల ఎంపికా అంతే. ఊరూరా నాటిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఇక నాటొద్దని చివరికి తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వేప, కానుగ, నేరేడు, మోదుగ ఉండగా దాని అవసరం ఏమొచ్చిందో! క్యాంపస్‌లో మొదటి పని కొత్తగా నాటడం కాదు, ఉన్నదాని జోలికి పోకపోవడం. కొత్త భవనం తప్పదంటే ఉన్న రోడ్ల వెంబడే, పాత భవనాల మధ్యనే కట్టుకోవాలి.

అయితే ఆ 400 ఎకరాల కోసం దేశమంతా మాట్లాడింది కానీ, హాస్టల్ బాత్‌రూముల్లో పోయే నీటి గురించి ఎవరూ మాట్లాడరు. ఇది ఏ ఒక్క యూనివర్సిటీ గురించో అంటున్న మాట కాదు. ఐదువేల మంది హాస్టళ్లలో ఉండే క్యాంపస్ ఒకటి ఊహించుకుని లెక్క వేద్దాం.

మన దేశంలో ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలి. ఐదువేల మందికి 6,75,000 లీటర్లు. ట్యాంకర్లలో చెప్పాలంటే రోజుకు 135. ఆ 135 లీటర్లలో 45 లీటర్లు ఒక్క ఫ్లష్‌కే పోతాయని అవే ప్రమాణాలు చెబుతాయి. అంటే తాగడానికి పనికొచ్చే నీటిలో మూడోవంతు మరుగుదొడ్డికి! ఇక వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. మన క్యాంపస్‌లో అది రోజుకు 5,40,000 లీటర్లు. ఈ నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌కూ తోటలకూ వాడితే బోర్ల మీద భారం చాలా తగ్గుతుంది.

ఇది అనుకున్నంత సులువు కాదు. శుద్ధి చేసిన నీటిని ఫ్లష్ ట్యాంకులకు పంపాలంటే వేరే పైపులైను, వేరే ఓవర్‌హెడ్ ట్యాంకు కావాలి. పాత హాస్టళ్లలో ఉండేది ఒకటే లైను. గోడలు పగలగొట్టి రెండోది వేయడం ఖర్చు. కొత్త భవనాలకైతే ప్లాన్ దశలోనే రెండు లైన్లు వేసేస్తే సరిపోతుంది. పాతవాటి నుంచి వచ్చిన నీళ్లను శుద్ధి చేసి తోటలకు మళ్లించాలి.

శుద్ధి ప్లాంటు సంగతి కూడా తెలుసుకోవాలి. మురుగులోని కుళ్లును తినేది సూక్ష్మజీవులు. వాటికి ప్రాణవాయువు అందాలంటే బ్లోయర్ గాలి ఊదుతూనే ఉండాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట దాన్ని కట్టేసే ఆపరేటర్లు ఉంటారు. గాలి అందక ఆ జీవులు చస్తాయి. తెల్లారేసరికి నీళ్లు నల్లబడి, వాసన మొదలవుతుంది. వాసన వస్తోందని ఫిర్యాదులు, ఫిర్యాదులు వస్తున్నాయని ప్లాంటు మూత. దీనికంటే ముందు పట్టించుకోవాల్సింది ఇంకా చిన్నది. వాచ్‌మన్ తెల్లవారుజామున మోటార్ వేసి కునుకు తీస్తాడు. ఫ్లోట్ వాల్వు ఎప్పుడో పాడైంది. ట్యాంకు నిండి, గోడ వెంట నీళ్లు కారి, నాచు పట్టిపోతుంది. ఎన్ని నీళ్లు పోయాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ హాస్టల్‌కు నీటి మీటరే లేదు.

కరెంటుకు మీటరుంటుంది, కానీ చాలాచోట్ల క్యాంపస్ మొత్తానికి ఒకటే. కెమిస్ట్రీ బ్లాక్ ఎంత కాల్చింది, లైబ్రరీ ఎంత కాల్చిందన్నది తెలియదు. వాడేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు. ఇదే అసలు తిరకాసు.

ఫ్యాన్‌నే తీసుకోండి. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఫ్యానుకు అర యూనిట్‌కు పైగా మిగులుతుంది. మన క్యాంపస్‌లో గదికి ఇద్దరు చొప్పున 2,500 గదులు, గదికో ఫ్యాను. రోజుకు 1,350 యూనిట్లు, ఏడాదిలో 250 రోజులు హాస్టల్ నిండుగా ఉంటుందనుకుంటే 3,37,500 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే 27 లక్షలు. ఫ్యాను మూడువేలు అనుకున్నా పెట్టుబడి 75 లక్షలే, మూడేళ్లలోపు తిరిగొస్తుంది. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి, యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఏడాదికి 230 టన్నుల పైచిలుకు ఉద్గారాలు తగ్గుతాయి.

మరి ఎందుకు మార్చరు? టెండరు పద్ధతిని చూస్తే అర్థమవుతుంది. ఎవరు తక్కువ ధర కోట్ చేస్తే ఆర్డరు వాళ్లదే, ఆఫీసు భాషలో ఎల్-1. రెండువేల ఫ్యాను మూడువేల ఫ్యాను మీద గెలుస్తుంది. అది పదేళ్లపాటు తాగబోయే కరెంటు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. ఫ్యాన్లు కొనే పద్దు వేరు, బిల్లు కట్టే పద్దు వేరు. క్యాంపస్‌లను బాగుచేయాలంటే మొక్కల కంటే ముందు ఈ టెండరు నియమాన్ని సరిచేయాలని నా అభిప్రాయం.

ఏసీల విషయంలో కొత్తగా చెప్పేదేమీ లేదు. 24 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ ఏనాడో చెప్పింది. డాబాలకు తెల్లటి కూల్ పెయింట్ వేస్తే పై అంతస్తు గదులు చల్లబడతాయి. తెలంగాణ 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టిన రోజుల్లో రాతి గోడలు, ఎత్తైన కప్పులు చేసిన పనిని ఇప్పుడు రంగుతో చేస్తున్నాం. సోలార్ మంచిదే. ఒక కిలోవాట్‌కు దాదాపు పది చదరపు మీటర్ల డాబా కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. డబ్బు లేకపోతే కంపెనీయే సొంత ఖర్చుతో పలకలు పెట్టి, యూనిట్ లెక్కన మనకు అమ్మే ఒప్పందాలు కూడా ఉన్నాయి. అయితే పాత ఫ్యాన్లను అలాగే ఉంచి డాబా నిండా సోలార్ పరచడం దుబారాకు కొత్త సరఫరా వెతకడమే.

మెస్ దగ్గరికొస్తే లెక్క ఇంకా రుచిగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండి చదివినవాళ్లకు డివైడింగ్ సిస్టమ్ తెలుసు. నెల ఖర్చంతా కూడి తలా ఇంత అని పంచడం. నేను పారేసిన అన్నం ఖరీదు ఐదువేల మంది మీద పడుతుంది, వాళ్లు పారేసింది నా మీద. కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. పళ్లెం కడిగే చోట ఒక డ్రమ్ము, దాని కింద తూకం పెట్టి చూడండి. పూటకు పళ్లేనికి 50 గ్రాములు, అంటే రెండు పిడికిళ్లు కూడా కాదు, మధ్యాహ్నం, రాత్రి కలిపితే 500 కిలోలు. ఆ అన్నం వండిన బియ్యం పండడానికి కిలోకు వేల లీటర్ల నీళ్లు పట్టాయి. ఆ అంకెను ఏ పూటకాపూట మెస్ బోర్డు మీద రాయడానికి ఖర్చు సుద్దముక్కంతే.

తగ్గించగా మిగిలిన ఎంగిలి బయోగ్యాస్ ప్లాంటుకు పోవాలి. 500 కిలోల నుంచి వచ్చే గ్యాసు రోజుకు ఒక పెద్ద వాణిజ్య సిలిండర్‌కు అటూఇటూగా ఉంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం నిసర్గఋణ పేరుతో ఇందుకు ఒక పద్ధతి కూడా రూపొందించింది. అయినా ఈ ప్లాంట్లలో చాలావరకు ప్రారంభోత్సవం నాడు వెలిగి, తర్వాత ఆరిపోతాయి. ఎముకలు, గుడ్డు పెంకులు, నిమ్మచెక్కలు, పెరుగు ప్యాకెట్లు అన్నీ అందులోనే పడతాయి. వాటిని ఏరడానికి జీతమిచ్చి మనిషిని పెట్టరు. యంత్రానికి నిధులు దొరుకుతాయి, మనిషికి దొరకవు. రోజుకు 100 కిలోల పైన చెత్త వచ్చే సంస్థ తన చెత్తను తానే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మన మెస్ ఒక్కపూట ఎంగిలితోనే ఆ గీత దాటేస్తుంది.

ల్యాబ్ రసాయనాలు సింకులో పోయకూడదు, పాత కంప్యూటర్లు గుర్తింపున్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, శానిటరీ ప్యాడ్లకు విడిగా ఏర్పాటుండాలి. ఇవి చట్టం చెప్పే కనీస పనులు, వీటికి మెడల్ ఆశించకూడదు.

మెడళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2010లో ఇండోనేషియా విశ్వవిద్యాలయం గ్రీన్‌మెట్రిక్ అనే ర్యాంకింగ్ మొదలుపెట్టింది. మన దగ్గర కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ మదింపులో గ్రీన్ ఆడిట్‌కు మార్కులున్నాయి. దాంతో ఆడిట్ రిపోర్టులు దొంతరలుగా తయారవుతున్నాయి. ఒక రిపోర్టు చేతికొస్తే నేను వెతికేది ఒక్కటే: గత ఏడాది, ఈ ఏడాది మనిషికి ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు, ఎన్ని గ్రాముల ఎంగిలి? ఆ వరస లేకుండా నాటిన మొక్కల సంఖ్య, ఫొటోలు మాత్రమే ఉంటే మిగతా పేజీలు చదవక్కర్లేదు.

మీటర్లు ఎవరు చదవాలన్న ప్రశ్నకు జవాబు క్యాంపస్‌లోనే ఉంది. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలంది. తర్వాత యూజీసీ దాన్ని డిగ్రీలో తప్పనిసరి పేపరు చేసింది. విద్యార్థులు దాన్ని గైడు కొని ఒక్క రాత్రిలో చదివేసి పాసవుతున్నారు. ఆ మార్కుల్లో సగం హాస్టల్ నీటి మీటరు, బ్లాకుల కరెంటు మీటర్లు, మెస్ తూకం వారం వారం నమోదు చేసినందుకు ఇవ్వొచ్చు. హాస్టల్‌కో నీటి మీటరు, బ్లాకుకో సబ్‌మీటరు బిగించడానికయ్యే ఖర్చు ఆ ఫ్యాన్ల పెట్టుబడిలో చిన్న వంతే. వచ్చిన అంకెలను నెలాఖరున మెస్ బిల్లు అంటించే బోర్డు మీదే, బిల్లు పక్కనే అంటిస్తే సరిపోతుంది.