ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆన్‌లైన్ దుకాణం: ఖర్చు ఎక్కడ మొదలవుతుంది?

మన సంస్థ కుట్టు కేంద్రంలో మగ్గం వర్క్ చేసే మహిళల సరుకును ఆన్‌లైన్‌లో అమ్మాలన్న ఆలోచన బయటకు వచ్చినప్పటి నుంచి దాతలు రెండు రకాల సలహాలు ఇస్తున్నారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే యువకులు "ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, పైసా ఖర్చు లేకుండా సొంత దుకాణం పెట్టుకోవచ్చు" అంటున్నారు. వ్యాపారంలో తలపండిన పెద్దలు "అమెజాన్‌లో పెట్టేస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?" అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజముంది. విరాళం ఇచ్చేవారికి అది దేనికి ఖర్చవుతుందో ముందే తెలియాలి కనుక, మేము తెలుసుకున్నంత వరకు ఇక్కడ వివరిస్తున్నాము. మేము బడిపంతుళ్లమే గాని ఇంజనీర్లము కాము. అందుకే మాకు అర్థమైన భాషలోనే చెబుతాము.

ఓపెన్ సోర్స్ అంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలి కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు. ఊరి కోసం ఒక దాత తవ్వించి వక్ఫ్ చేసిన బావి లాంటిది అనుకోండి. నీళ్లకు డబ్బు అడిగేవారుండరు. తవ్వించినవారి వారసులు కూడా దాన్ని తిరిగి సొంతం చేసుకోలేరు. కానీ చేద, తాడు మనవే. ఏడాదికోసారి పూడిక తీయించే కూలీ మనదే. ఆన్‌లైన్ దుకాణాల కోసం ఇలాంటివి చాలా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ 2011లో వచ్చింది. మాజెంటో 2008లో వచ్చింది. ఫ్రాన్స్‌లో పుట్టిన ప్రెస్టాషాప్, ఇంకా ఓపెన్‌కార్ట్ కూడా వాడుకలో ఉన్నాయి.

అమ్మడానికి మన ముందు మూడు దారులున్నాయి. మొదటిది పెద్ద బజారులో బండి పెట్టుకోవడం, అంటే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్. నానక్‌రామ్‌గూడలో 2019లో అమెజాన్ ప్రారంభించిన ఆఫీసు భవనం అప్పటికి ఆ సంస్థకు ప్రపంచంలోనే అతిపెద్దది. అంత పెద్ద బజారులో జనానికి కొదవ లేదు. కానీ ప్రతి అమ్మకంపైనా కమీషన్ పోతుంది, కొన్నవారు బజారువారి ఖాతాదారులే గాని మనవారు కారు. వచ్చే ఏడాది పెళ్లిళ్ల సీజన్‌కు వారికి కబురు పెట్టే వీలుండదు. రెండవది అద్దె దుకాణం. కెనడాకు చెందిన షాపిఫై ఇలాంటిదే. సున్నం వేయడం, తాళం మార్చడం అంతా యజమానే చూసుకుంటాడు. నెలనెలా అద్దె కట్టాలి, బయటి పేమెంట్ సంస్థను వాడితే ప్రతి అమ్మకంపైనా మరికొంత ఇవ్వాలి. ఖాళీ చేసిన రోజున సరుకు జాబితా మనతో వస్తుంది గాని దుకాణం రాదు. మూడవది సొంత ఇల్లు. అదే ఓపెన్ సోర్స్.

సొంత ఇంట్లో ఉండే సుఖం ఏమిటంటే గోడ ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు. మగ్గం వర్క్ జాకెట్ కొనేవారు చేతి కొలత, మెడ లోతు, దారం రంగు చెప్పాలి. ఆ వివరాలు అడిగే ఫారాన్ని మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. దుకాణాన్ని తెలుగులోనూ, కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూలోనూ నడపవచ్చు. డబ్బు వసూలుకు ఏ పేమెంట్ సంస్థ తక్కువ తీసుకుంటే దానికి మారవచ్చు. ఇంకొకటి, మేము దీనికే ఎక్కువ విలువ ఇస్తాము: పనిచేసే మనిషిని మార్చుకోవచ్చు. వూకామర్స్ తెలిసినవారు మాదాపూర్, కొండాపూర్ సందుల్లో చిన్న కంపెనీలు పెట్టుకుని ఉన్నారు. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని పని వెతుక్కునే పిల్లలూ ఉన్నారు. ఒకరితో కుదరకపోతే ఇంకొకరు.

ఇక ఖర్చు. దుకాణం పేరుకు, అంటే డొమైన్‌కు ఏటా కట్టాలి. దుకాణం ఉండే కంప్యూటర్‌కు, అంటే హోస్టింగ్‌కు కట్టాలి. కొరియర్ లెక్కలకు, బిల్లులకు వాడే ప్లగిన్లలో కొన్ని ఉచితం, మంచివి చాలావరకు ఏడాది చందా మీద దొరుకుతాయి. కార్డు చెల్లింపుల మీద పేమెంట్ సంస్థలు సుమారు 2 శాతం, దానిపై జీఎస్టీ తీసుకుంటాయి. ఇవన్నీ కాగితం మీద రాసుకోగల ఖర్చులు. రాసుకోనిది అప్‌డేట్ల పని. సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడినప్పుడల్లా దాన్ని సరిచేసిన కొత్త కూర్పు వస్తుంది. కోడ్ అందరికీ కనబడుతుంది కనుక లోపం దొంగలకూ తెలుస్తుంది. వెంటనే మార్చుకోనివారి తలుపు తీసి ఉన్నట్టే. మార్చుకున్నప్పుడు ఒక్కోసారి పాత ప్లగిన్ పడక చెల్లింపు పేజీయే ఆగిపోతుంది. దాన్ని ఆ రోజే సరిచేసే మనిషి కావాలి.

మాజెంటో సంగతి ఈ విషయంలో చెప్పుకోదగ్గది. దాన్ని 2011లో ఈబే కొన్నది, 2018లో అడోబీ 168 కోట్ల డాలర్లకు తీసుకుంది. మొదటి తరం మాజెంటోకు 2020 జూన్ 30తో మరమ్మతులు ఆపేశారు. రెండవ తరానికి వెళ్లడం అప్‌డేట్ లాంటిది కాదు, ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టినంత పని. అంత డబ్బు లేక చాలామంది పాతదానిలోనే ఉండిపోయారు. ఆ సెప్టెంబరులో ఒక్క వారాంతంలో దాదాపు రెండువేల దుకాణాల్లోకి దొంగలు చొరబడి, కొనేవారు కార్డు నంబరు కొట్టే పేజీలోనే దాన్ని కాజేసే కోడ్ పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం మొదటి తరంవే. అయితే ఇదే కథలో మరో ముఖం ఉంది. కోడ్ అందరిదీ కనుక, కొందరు ప్రోగ్రామర్లు ఓపెన్‌మేజ్ పేరుతో ఆ పాత మాజెంటోకు తామే మరమ్మతులు చేస్తూ వచ్చారు. అద్దె దుకాణం యజమాని మూసేస్తే ఇలాంటి ఆసరా ఉండదు. ఏమైనా మాజెంటో పెద్ద వ్యాపారాల బండి, మన నలభై యాభై రకాల సరుకుకు అవసరం లేదని మా అభిప్రాయం.

కార్డు వివరాలు కొనుగోలుదారు మన దగ్గర ఉంచిన అమానత్. వాటిని మన దగ్గర అసలు పెట్టుకోకుండా, చెల్లింపును పేమెంట్ సంస్థ పేజీలోనే జరిగేటట్టు చూడాలి. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు మాత్రం మన దగ్గరే ఉంటాయి, వాటి బాధ్యతా మనదే. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. జీఎస్టీ నమోదు విషయం ముందుగా ఆడిటర్‌ను అడిగి తేల్చుకోవలసిందే.

మరొక జాగ్రత్త. మాకు తెలిసిన ఒక గాజుల వ్యాపారి సైటు కట్టించుకున్నాడు. కట్టిన కుర్రవాడు డొమైన్‌ను తన పేరునే నమోదు చేసి, ఉద్యోగం వచ్చి వేరే దేశం వెళ్లిపోయాడు. మోసం ఉద్దేశం లేదు, పట్టించుకోలేదు అంతే. గడువు తీరిన రోజున దుకాణం మాయమైంది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా ఉండి తాళం చెవి మరొకరి జేబులో ఉంటే సొంత ఇల్లు అనడానికి లేదు.

కనుక మేము కమిటీకి చెప్పినది ఇది. మొదటి ఆరు నెలలు వాట్సాప్ కేటలాగ్ మీదా, ఒక పెద్ద బజారులోనూ అమ్మి ఏ సరుకు కదులుతుందో చూడాలి. నెలనెలా ఆర్డర్లు నిలకడగా వస్తే వూకామర్స్‌తో సొంత దుకాణం కట్టాలి. డొమైన్, హోస్టింగ్ సంస్థ పేరునే ఉండాలి. పాస్‌వర్డులు ఇద్దరు కమిటీ సభ్యుల దగ్గర ఉండాలి. వారానికోసారి బ్యాకప్ తీసి వేరేచోట దాచాలి. దుకాణం కట్టే ఖర్చుకు దాతలు ముందుకు వస్తారు, ప్రారంభోత్సవంలో పేరు చదువుతారు కనుక అది సహజమే. మేము కోరేది రెండవ ఏడాది, మూడవ ఏడాది అప్‌డేట్ల ఖర్చు. దాన్ని మొదటి విరాళంలోనే విడిగా పక్కన పెట్టనిదే సొంత దుకాణం పని మొదలుపెట్టవద్దని చెప్పాము. ఐటీ కారిడార్‌లో పనిచేసే మన పిల్లలు డబ్బుకు బదులు నెలకు ఒక ఆదివారం పూట ఇవ్వగలిగితే ఆ ఖర్చు చాలా తగ్గుతుంది. అయితే ఒక్కరు కాదు, కనీసం ముగ్గురు పేర్లు ఇవ్వాలి.