చూడని వస్తువుకు పాట పెరిగేదెలా?

వేలంపాట మనకు కొత్త కాదు. చెరువు చేపలకు, మామిడి తోటలకు ఊళ్లో పాట పెడతారు. బాలాపూర్ గణేశుని లడ్డూ 1994లో తొలి వేలంలో 450 రూపాయలు పలికింది. అక్కడ సరుకు కళ్లెదుటే ఉంటుంది. ఇంటర్నెట్ వేలంలో వస్తువు ఎక్కడో, అమ్మేవాడెవరో. కొనేవాడి ముందుండేది నాలుగు వాక్యాలు, రెండు ఫోటోలు. వాటిని నమ్మే అతడు డబ్బు కట్టాలి.

ఈబే సంస్థను అమెరికాలో 1995లో పియరీ ఒమిడ్యార్ ప్రారంభించారు. అందులో మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్! ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచేయదని తెలుసా అని అడిగితే, పాడైనవే సేకరిస్తానన్నాడట కొన్నాయన. అంటే లోపం చెప్పినంత మాత్రాన బేరం పోదు. దాచిపెడితేనే వస్తువు తిరిగొస్తుంది, పేరు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం శీర్షిక. ఈబేలో దానికి 80 అక్షరాలే ఇస్తారు. చాలామంది అందులో ‘అద్భుతం’, ‘అరుదైన అవకాశం’ అని నింపుతారు. ఆ మాటలు టైపు చేసి వెతికేవారెవరు? ‘కాసియో ఎఫ్ఎక్స్-991 ఈఎస్ కాలిక్యులేటర్, వెనుక మూత లేదు’ అంటే కావలసినవాడు నేరుగా వస్తాడు. పేరులో స్పెల్లింగ్ తప్పితే వెతికేవారికి అది కనబడకపోవచ్చు. ఫోటో కంపెనీది పెట్టకూడదు. మన వస్తువునే పగటి వెలుతురులో తీయాలి, గీత పడినచోట దగ్గరగా ఇంకొకటి.

ప్రారంభ ధర తక్కువైతే పాటగాళ్లు పెరుగుతారు. కానీ అది నలుగురూ కోరే వస్తువుకే. ఏ ఒక్కరికో పనికొచ్చేదైతే మనకు గిట్టే ధరతోనే మొదలుపెట్టాలి.

మన దేశంలో 2004లో బాజీ సంస్థను కొని అడుగుపెట్టిన ఈబే భారత సైటును 2018లో ఫ్లిప్‌కార్ట్ మూసేసింది. ఓఎల్ఎక్స్ లాంటి చోట పాట ఉండదు, బేరమే. రాసే పద్ధతి మాత్రం ఇదే.

పోస్టు ఖర్చు ముందే రాయాలి. ఆఖర్న కలిపితే కొన్నవాడికి మండుతుంది, అతడు రాసే అభిప్రాయం మన పేరు కిందే ఉండిపోతుంది. ఆ పేరుకూ ఖరీదుంది. పాత పోస్టుకార్డులను పేరున్న అమ్మకందారు పేరిట, కొత్త పేర్లతోనూ ఈబేలో అమ్మి చూసిన పరిశోధన 2006లో వెలువడింది. పేరున్నవారికి కొనేవారు సుమారు 8 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. అందుకే కొత్తవారు ముందు పాత పుస్తకాల వంటి చిన్న వస్తువులతో మొదలుపెట్టడం మేలు.