వేగవంతమైన కారు: తొలి రెండు వేల కిలోమీటర్లు, ఆ తరువాతి వారంటీ

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళ ముందు టర్బో ఇంజను, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు గల వేగవంతమైన కారు కనిపించడం నేడు అరుదు కాదు. ఇటువంటి కారులో టర్బో గాని, గేర్‌బాక్సు గాని చెడిపోతే మరమ్మతు ఖర్చు లక్షలలోకి పోతుంది. ఆ ఖర్చును తయారీ సంస్థ భరిస్తుందా, యజమాని భరించాలా అన్నది లోపం బయటపడిన నాడు తేలే విషయంగా పైకి కనిపిస్తుంది. నిజానికి అందులో చాలా భాగం అంతకు ఎంతో ముందే, కారును తొలి వారాలలో నడిపిన తీరులోను, భద్రపరచుకొన్న కాగితాలలోను నిర్ణయమైపోతుంది.

పూర్వం స్కూటరు కొన్నవారికి షోరూములో చెప్పే మొదటి మాట, "ఇంజను ఫ్రీ అయ్యేదాకా నలభై దాటించకండి" అని. అంకె మారినా ఆ మాట వెనుకనున్న కారణం ఇప్పటికీ చెల్లుతుంది. మన ఇళ్ళలో కొత్త తిరగలి తెచ్చినప్పుడు మొదట తవుడు వేసి తిప్పి, రాతిపొడి కలిసిన ఆ తవుడును పారబోసేవారు. రెండు రాళ్ళ ముఖాలు ఒకదానితో ఒకటి కుదిరిన తరువాతనే బియ్యం పోసేవారు. ఇంజనులో పిస్టను రింగులకు, సిలిండరు గోడకు మధ్య జరిగేదీ ఇదే. సిలిండరు గోడను కర్మాగారంలో అద్దంలా నునుపు చేయరు. ఒకదానినొకటి ఏటవాలుగా ఖండించుకొనే సన్నని గీతలను దానిపై కావాలనే ఉంచుతారు. ఆ గీతలలో ఆయిలు నిలుస్తుంది. గీతల అంచులు రింగుల ఒరిపిడికి కొద్దిగా అరిగి, రింగు గోడను ఖాళీ లేకుండా ఆనుకొన్నప్పుడు మండిన వాయువు కిందికి జారదు, ఆయిలు పైకి రాదు.

రింగును గోడకు అదిమిపట్టేది ప్రధానంగా ఆ వాయువు పీడనమే. అందుచేత కొత్త కారును వారాల తరబడి మరీ సుతారంగా నడపడం కూడా మేలు చేయదు. రింగు కుదరక ముందే గోడ గాజులా నునుపెక్కి, ఆయిలు తాగే అలవాటు ఆ ఇంజనుకు నిలిచిపోవచ్చు. మరొక వైపు, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సూదిని ఎర్రగీత దాకా తీసుకుపోతే, ఇంకా కుదరని ఉపరితలాలు వేడెక్కి గీసుకుపోతాయి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత మధ్యస్థమైన భారంతో, తరచూ వేగం మారుస్తూ నడపడమే సరైన పద్ధతి.

బీఎండబ్ల్యూ ఎం శ్రేణి కార్ల మాన్యువల్ తొలి 2,000 కిలోమీటర్ల వరకు నిమిషానికి 5,500 చుట్లు, గంటకు 170 కిలోమీటర్లు దాటవద్దంటుంది. మన ఎక్స్‌ప్రెస్‌వేల మీద కూడా 120 దాటడం నేరమే కాబట్టి రెండవ అంకెను గురించి మనం ఆలోచించనవసరం లేదు. ఆ దూరం పూర్తి కాగానే ఇంజను ఆయిలుతో పాటు డిఫరెన్షియల్ ఆయిలును కూడా మార్చే ప్రత్యేక సర్వీసు ఒకటి ఉంటుంది. అరిగిన లోహపు పొడి అందులో కలిసి ఉంటుంది గనుక తిరగలిలోని తవుడును పారబోసినట్లే దానిని తీసివేస్తారు. పోర్షే 911 మాన్యువళ్ళు తొలి 3,000 కిలోమీటర్లలో నిమిషానికి సుమారు 4,000 చుట్ల హద్దు పెడతాయి. కొత్త టైర్లు, బ్రేకు ప్యాడ్లు కూడా తొలి కొన్ని వందల కిలోమీటర్లలో తమ పూర్తి పట్టును చూపవన్నది ఇంజనుకంటె ముందు ప్రాణానికి సంబంధించిన సంగతి. మీ కారుకు వర్తించే అంకెలు మీ మాన్యువల్‌లోనే ఉంటాయి. మెకానిక్ మాట కంటె ఆ పుటకే విలువ ఎక్కువ.

సిల్క్ బోర్డు కూడలిలో ఆగి ఆగి కదిలే కారుకు కిలోమీటర్లు పెరగవు, ఇంజను తిరిగిన గంటలు మాత్రం పెరుగుతాయి. హైదరాబాదు రహదారిపై క్రూజ్ కంట్రోల్ పెట్టుకొని గంటల తరబడి ఒకే వేగంతో పోవడమూ కొత్త ఇంజనుకు తగదు. వాహనపూజకు కాణిపాకం వెళ్ళే మన ఆచారం ఈ దృష్టితో చూస్తే ఎంతో సముచితంగా తోస్తుంది. కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు వైపు పోయే దారిలో ఎత్తుపల్లాలు, ఊళ్ళు, వేగంలో మార్పులు అన్నీ తగుపాళ్ళలో దొరుకుతాయి.

ఇక్కడ వారంటీతో ముడిపడిన చిక్కు ఒకటి ఉన్నది. ఇంజను ఆయిలు తాగడాన్ని సంస్థలు వెంటనే లోపంగా అంగీకరించవు. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువళ్ళు 1,000 కిలోమీటర్లకు అర లీటరు వరకు సహజమేనని పేర్కొంటాయి. మీ ఇంజను ఆ హద్దు దాటినదని నిరూపించాలంటే ఏ రీడింగు వద్ద ఎంత ఆయిలు పోశారో తేదీలతో సహా రాసి ఉండాలి, బిల్లు ఉండాలి. తొలి నెలలలో ఈ లెక్క రాసేవారు బహు తక్కువ. కారు డ్యాష్‌బోర్డు పెట్టెలో ఒక చిన్న నోటుపుస్తకం చాలు.

కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాలకు ప్రసిద్ధి. వారంటీ వివాదంలో మాత్రం యజమాని ప్రమాణం కంటె కారు కంప్యూటరు సాక్ష్యాన్నే ముందుగా వింటారు. 2007 చివరలో జపానులో విడుదలైన నిస్సాన్ జీటీ-ఆర్ ఉదంతం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. ఆ కారును అత్యంత వేగంగా బయలుదేరదీసే లాంచ్ కంట్రోల్ సదుపాయం, జారుడును అదుపు చేసే వ్యవస్థను ఆపివేసినప్పుడే పనిచేసేది. ఆ వ్యవస్థను ఆపి నడపడం వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదని మాన్యువల్ చెప్పేది. అమెరికాలో గేర్‌బాక్సు విరిగిన కొందరు యజమానుల క్లెయిములు ఈ కారణంగానే తిరస్కరణకు గురయ్యాయి. తరువాత సంస్థ ఆ ప్రోగ్రామును మార్చవలసి వచ్చింది. మీట కారులో ఉన్నంత మాత్రాన దాని వాడకానికి వారంటీ తోడు ఉంటుందనుకోరాదు.

ఇంజను కంప్యూటరును రీమ్యాప్ చేయించి అదనపు శక్తి రాబట్టుకొనేవారు మరింత జాగ్రత్తపడాలి. సర్వీసుకు ముందు పాత ప్రోగ్రామును తిరిగి ఎక్కించినా, ఎన్నిసార్లు మార్చారన్న లెక్క పలు కార్లలో మిగిలే ఉంటుంది. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో కారును తీసుకుపోవాలన్న ముచ్చట ఉంటే, పందేలు, సమయపరీక్షలు మీ వారంటీ మినహాయింపులలో ఉన్నాయేమో ముందే చదువుకోవాలి. సాధారణంగా ఉంటాయి.

ఇక పొడిగింపు వారంటీ. కారు అందుకొనే రోజు సంతోషంలో ఉన్నప్పుడే దీనిని అంటగట్టడం షోరూముల అలవాటు. తొందర అక్కరలేదు. మూల వారంటీ గడువు ముగియక ముందు ఎప్పుడైనా కొనే వీలును చాలా సంస్థలు ఇస్తాయి, ఆలస్యమయ్యే కొద్దీ ధర మాత్రం కొంత పెరుగుతుంది. అసలు చూడవలసినది ఆ పత్రం ఎవరి పేర ఉన్నదన్నది. తయారీ సంస్థ పత్రం ఒకటి, బయటి కంపెనీనో బీమా సంస్థనో ఆధారంగా చేసుకొన్న పత్రం మరొకటి. రెండవ రకంలో ఒక్కొక్క క్లెయిముకు గరిష్ఠ మొత్తం, కూలి ఖర్చుకు పరిమితి ఉండవచ్చు. పత్రం రాసిన తీరును కూడా గమనించాలి. "ఈ భాగాలకు వర్తించదు" అని జాబితా ఇచ్చే పత్రంలో జాబితాలో లేనిదంతా మీది. "ఈ భాగాలకు మాత్రమే వర్తిస్తుంది" అనే పత్రంలో జాబితాలో లేనిదేదీ మీది కాదు. మూడేళ్ళలో కారును అమ్మివేసేవారికి, టర్బో లేని సాధారణమైన చిన్న ఇంజను గలవారికి ఈ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. టర్బో, డ్యూయల్ క్లచ్ ఉన్న కారును అయిదారేళ్ళు ఉంచుకోదలచినవారు తయారీ సంస్థ పత్రాన్నే తీసుకోవడం మంచిది.

వలస వచ్చిన మనకు ప్రత్యేకించి వర్తించే సంగతులు కొన్ని ఉన్నాయి. వేరొక రాష్ట్రంలో రిజిస్టరైన కారును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. వారంటీ సాధారణంగా ఛాసిస్ నంబరును బట్టి నడుస్తుంది గనుక నంబరు ప్లేటు మారినంత మాత్రాన అది పోదు. అయినా కొత్త నంబరును సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. సర్వీసు గడువు నాటికి సొంత ఊరిలో పెళ్ళిపనులలో ఉంటే, విజయవాడలోనో విశాఖపట్నంలోనో ఆ సంస్థ అధీకృత కేంద్రంలోనే చేయించి బిల్లు దాచుకోవాలి. గడువు తప్పిన ఒక్క సర్వీసు తరువాతి క్లెయిమును తిరస్కరించడానికి సాకు కాగలదు.

క్లెయిమును తిరస్కరిస్తే కారణాన్ని కాగితం మీద అడగండి. ఇంజను విప్పడానికి సమ్మతి సంతకం చేసే ముందు, లోపం వారంటీలోకి రాదని తేలితే విప్పిన కూలి ఎవరిదో ఆ పత్రంలో చూడండి. ఫోటోలు తీసి ఉంచండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 తెలుగులో కూడా మాట్లాడుతుంది. అక్కడ పరిష్కారం దొరకకపోతే వినియోగదారుల కమిషన్ ఉన్నది. కారును హైదరాబాదులో కొన్నా, మీరు నివసించే లేదా పనిచేసే బెంగళూరులోనే ఫిర్యాదు చేసే హక్కును 2019 నాటి చట్టం ఇచ్చింది. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్ విచారిస్తాయి. 20 లక్షలకు పైబడి 50 లక్షల వరకు ధర గల కారుకు ఫిర్యాదు రుసుము 1,000 రూపాయలు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా దాఖలు చేయాలి. న్యాయవాది తప్పనిసరి కాదు. విచారణకు స్వయంగా పోలేనివారు వీడియో ద్వారా హాజరు కావడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.